ఉన్నదున్నట్టు తీసిన సీరీస్ గారికి ఒక తడిసిన ఉత్తరం

మహారాజశ్రీ, క్లాసిక్ నవలని పొల్లు పోకుండా తెరకెక్కించిన సీరీస్ గారికి,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నా గానీ మీరు కుశలంగానే ఉన్నారు, 1995లో బీబీసీలో వచ్చిన నాటి నుంచీ కుశలంగానే ఉన్నారు, నా పరువే నిన్న సాయంత్రం నుంచి మంచం పట్టింది.

మన పరిచయం ఎలా జరిగిందో వేరే చెప్పక్కర్లేదు, అందరికీ అలాగే జరుగుతుంది. ఇంట్లో ఒక లావుపాటి నవల ఉంటుంది, కొన్నరోజున బోలెడంత ఉత్సాహం ఉంటుంది, బుక్‌మార్క్ ఇరవై మూడో పేజీలో ఉంటుంది, ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. అప్పుడు ఎవరో ఒక పుణ్యాత్ములు "అబ్బే అదంతా ఏం చదువుతావ్, సీరీస్ ఉందిగా, అచ్చు పుస్తకమే" అంటారు. అచ్చు పుస్తకమే! ఆ రెండు ముక్కలకే పడిపోయాను. అరవై ఒక్క అధ్యాయాలు ఎక్కడ, ఆరు ఎపిసోడ్లు ఎక్కడ, ఒక్క ఆదివారం కూర్చుంటే దాదాపు ఐదున్నర గంటల్లో 1813 నాటి జేన్ ఆస్టెన్ నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ మొత్తం చదివేసినట్టే అని లెక్క వేసుకున్నా. చదివేసినట్టే అనుకున్నది మెల్లగా చదివాను అయింది. ఎప్పుడు అయిందో నాకే తెలీదు.

నిన్న నలుగురం కూర్చుని కబుర్లాడుకుంటుంటే మాట నవలల మీదకి మళ్ళింది. నేను ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. "ఆ చెరువు సీన్ ఏం రాసింది తల్లీ ఆస్టెన్" అన్నాను. అక్కడితో ఆగినా బతికిపోయేదాన్ని. "ఆ తడిచొక్కా, ఆ మొహమాటం, నాలుగే నాలుగు మాటల్లో కళ్ళకి కట్టేసింది" అని కూడా అన్నాను.

మా ఫ్రెండ్ కూతురు తలెత్తి "ఏ చాప్టర్ పిన్నీ?" అంది. వెటకారం కాదు, పాపం నిజంగానే అడిగింది, అదే నా ఖర్మ. మధ్యలో ఎక్కడోనే, హీరో డార్సీ గారి భవంతి పెంబర్లీ చూడ్డానికి హీరోయిన్ వెళ్ళినప్పుడు అన్నాను. అది లేచి వెళ్ళి పుస్తకం తెచ్చింది, పేజీల అంచుల నిండా రంగురంగుల చీటీలు, పెన్సిలు గీతలు, ఒక మూల టీ మరక, అంటే చదివినవాళ్ళ పుస్తకం అన్నమాట. 43వ అధ్యాయం తీసి నా చేతిలో పెట్టింది. ఇక చూడండి నా అవస్థ, అందరి కళ్ళూ నా మీదే, నేను లైను లైనూ వేలు పెట్టి వెతుకుతున్నా, అడవుంది, కొండుంది, భవనం ఉంది, యజమానిని తెగ పొగిడే హౌస్‌కీపర్ ఉంది, గోడ మీద ఆయన బొమ్మ ఉంది, ఆఖరికి ఆయన కూడా వచ్చాడు, గుర్రాలశాల వైపు నుంచి వచ్చే దారిలో, నడుచుకుంటూ, శుభ్రంగా పొడిబట్టల్లో. పేజీ తిప్పాను. వెనక్కి తిప్పాను. "నీళ్ళున్నాయి పిన్నీ, నీళ్ళల్లో చేపలు కూడా ఉన్నాయి, ఈయన దూకడమే లేదు" అంది ఆ పిల్ల, నన్ను ఓదారుస్తున్నట్టు.

సీరీస్ గారూ, మిమ్మల్ని ఒకటే అడుగుతున్నా. ఒక మగమనిషి కోటు విప్పి, అంత గంభీరంగా చూసి, చెరువులో దూకి, తడిసి ముద్దై లేచొచ్చి హీరోయిన్‌కి ఎదురుపడటం అనేది చిన్న విషయమా? కర్టెన్ రంగు మార్చారంటే సరే అనుకుంటాం. ఇది మనిషినే తడిపేశారు కదండీ! పైగా ఆ దూకింది కూడా హీరో కాదు, డూప్. పుస్తకంలో లేని సీన్లో, హీరో కాని మనిషి, కథలో ఎవరూ దిగని నీళ్ళలోకి దూకితే, అది చూసి నేను ఆస్టెన్ వాక్యనిర్మాణాన్ని మెచ్చుకున్నాను. నలుగురిలో.

మీరేమంటారో తెలుసు, మిగతాదంతా ఉన్నదున్నట్టే తీశాం కదా అంటారు. అవునా? రాత్రి ఇంటికొచ్చి కోపంతో మొదటి పేజీ తీశాను. ఆ మొదటి వాక్యం, డబ్బున్న పెళ్ళికాని మగాడికి భార్య కావాల్సిందే అని లోకమంతా ఒప్పుకున్న సత్యంలా చెప్తుందే, అది కథ చెప్పే గొంతు. పెద్దమనిషి తరహాలో, మొహంలో నవ్వు కనపడనీకుండా అంటుంది, రెండు పేజీలు తిరిగేసరికి తెలుస్తుంది భార్య కావాల్సింది ఆ కుర్రాడికి కాదు, అల్లుడు కావాల్సింది ఆడపిల్లల తల్లికి అని. మీరేం చేశారు? గుర్రాల మీద ఇద్దరు మగాళ్ళని పరిగెత్తించి మొదలుపెట్టి, ఆ వాక్యాన్ని తీసుకెళ్ళి హీరోయిన్ ఎలిజబెత్ నోట్లో పెట్టారు, దారిలో నడుస్తూ వేసే జోకులాగా. బాగానే పేలింది, కాదనను, నేనూ నవ్వాను. కానీ పుస్తకంలో ఆ గొంతు ఎలిజబెత్‌ని కూడా చూసి నవ్వుతుంది. దాన్ని ఎలిజబెత్‌కే ఇచ్చేస్తే ఇంక ఆవిడని చూసి నవ్వేదెవరు?

ఆ మొదటి ప్రపోజల్ కూడా అంతే. పుస్తకంలో డార్సీ నాలుగు చిన్న వాక్యాలు మాట్లాడతాడు, ఆ తర్వాత ఆస్టెన్ అతని నోరు మూయించేస్తుంది, బాగానే మాట్లాడాడు గానీ ప్రేమ గురించి ఎంత చెప్పాడో మీ వాళ్ళ స్థాయి తక్కువ అనీ అంతే చెప్పాడు అన్నట్టు తనే సారాంశం చెప్పి చురక పెట్టేస్తుంది. తెర మీద సారాంశం ఎవరు చెప్తారు, అందుకని ఆ ఉపన్యాసమంతా కూర్చుని రాసి ఆయన చేత చెప్పించారు. నేనేమో అవన్నీ ఆవిడ రాసిన డైలాగులే అనుకుని రెండు బట్టీ కూడా పట్టాను, సందర్భం వస్తే వదుల్దామని. నిన్న చెరువు దగ్గరే మునిగాను కాబట్టి అవి వదలకుండా మిగిలాయి, దేవుడున్నాడు.

మీ వంశంలో నిజంగా మాట మీద నిలబడ్డాయన ఒకాయన ఉన్నాడు లెండి, దర్శకుడు ఎరిక్ వాన్ స్ట్రోహైమ్. 1924లో గ్రీడ్ అనే సినిమా, మెక్‌టీగ్ అనే నవలని ఏదీ వదలకూడదని పంతం పట్టి తీస్తే మొదటి కూర్పు ఎనిమిది తొమ్మిది గంటలొచ్చింది. స్టూడియో వాళ్ళు దాన్ని రెండున్నర గంటల దాకా కోసేశారు, కోసిన ముక్కలు ఇప్పటికీ దొరకలేదు. అది చూసి మీరు పాఠం నేర్చుకున్నట్టున్నారు, పూర్తిగా తీయడం కన్నా పూర్తిగా తీశాం అని చెప్పుకోవడం తేలికని.

టాల్‌స్టాయ్ నవల యుద్ధము శాంతి సంగతి ఎత్తనే ఎత్తను. సోవియట్ వాళ్ళు 1966, 67లో నాలుగు భాగాలుగా, ఏడు గంటల నిడివితో, వేలమంది సైనికుల్ని దింపి మరీ తీశారు, అంత చేసినా చివర్లో టాల్‌స్టాయ్ కథని పక్కన పెట్టేసి చరిత్రని నడిపేదెవరు, మనిషికి స్వేచ్ఛ ఉందా అని పేజీలకి పేజీలు వాదించే రెండో ఉపసంహారాన్ని సినిమా చేయలేకపోయారు. ఆయన వాదిస్తుంటే కెమెరా ఎటు చూడాలి మరి. (ఆ భాగం నేను చదివానా అని మాత్రం అడక్కండి, ఒక్క రోజుకి ఇంత అవమానం చాలు.)

ఇంకా చిన్నాచితకా ఉన్నాయి. పుస్తకం అట్ట మీద హీరో మొహం వేయించి, రాసినావిడ పేరు ఆయన చెవి పక్కన ఇరికించడం. నేను ఆలోచించుకునేలోపే తర్వాతి ఎపిసోడ్ ఐదు సెకన్లలో అని లెక్కపెట్టడం. పుస్తకం ఎప్పుడైనా అలా అందా అండీ, పేజీ పూర్తయితే నోరు మూసుకుని పడుంటుంది, బుద్ధిగా.

అసలు ఇంత మర్యాదగా నీతో ఏంటి నాకు? నువ్వు అబద్ధమాడావ్. అబద్ధం కూడా కాదు, నూటికి తొంభై నిజం చెప్పావ్, అదే ఇంకా ఘోరం. ఊళ్ళు అవే, పేర్లు అవే, ఉత్తరాలు అవే, డాన్సులు అవే, అన్నీ అంత కరెక్టుగా పెట్టి మధ్యలో నీ సొంత సరుకు కలిపితే నాకెలా తెలుస్తుంది ఏది ఎవరిదో? కథని మొత్తం మార్చేసి, పేర్లు మార్చేసి, పాటలు పెట్టేసినవాళ్ళు నయం, వాళ్ళని చూసి ఎవరూ పుస్తకం చదివాం అనుకోరు. నువ్వు నమ్మకస్తుడివి కాబట్టే నన్ను నిలువునా ముంచావ్. పైగా ఈత కూడా నేర్పలేదు.

సరే, అరిచాను, అయిపోయింది. నిజం చెప్పాలంటే నువ్వు లేకపోతే ఈ జన్మకి ఇరవై మూడో పేజీ దాటేదాన్ని కాదు. ఎలిజబెత్ తల్లి మిసెస్ బెన్నెట్ నరాల గోల నీ గొంతులోనే వినిపిస్తోంది నాకు, వాళ్ళ చుట్టం కాలిన్స్ నోరు తెరిస్తే నీ కాలిన్సే, అక్షరాల మీద ఎవరెవరో తెలీక తికమకపడిన ఐదుగురు అక్కచెల్లెళ్ళు ఇప్పుడు మొహాలతో సహా వస్తున్నారు. ఆ మేలు మర్చిపోలేదు.

నిన్న రాత్రీ ఇవాళంతా కూర్చుని చదువుతూ, ఈ మధ్యాహ్నం మళ్ళీ 43 దగ్గరికొచ్చాను, ఈసారి వేలు పెట్టకుండా. ఇద్దరికీ మధ్య ఇరవై గజాల దూరం. కళ్ళు కలిశాయి. ఇద్దరి మొహాలూ ఎర్రబడ్డాయి. ఇంటి నుంచి ఎప్పుడు బయల్దేరారు, ఎన్నాళ్ళుంటారు అని అడిగిందే అడుగుతాడు ఆ పెద్దమనిషి, కంగారులో, మళ్ళీ మళ్ళీ, చివరికి మాటలైపోయి ఒక్క క్షణం ఊరికే నిలబడి, ఉన్నట్టుండి సెలవు తీసుకుని వెళ్ళిపోతాడు. ఒక్క చుక్క నీళ్ళు లేవు. రెండుసార్లు చదివాను.

బాగుంది గానీ, ఒక్క ఇబ్బంది. ఎంత వద్దనుకున్నా ఆ గుర్రాలశాల దారిలో వచ్చేది మీ ఆయనే, అలా నీళ్ళు కారుకుంటూ. దయచేసి మనిషిని పంపి తీసుకెళ్ళండి. వచ్చేటప్పుడు ఒక తువ్వాలు తెమ్మనండి, పేజీలు తడుస్తున్నాయి.

ఇట్లు,
43వ అధ్యాయం దగ్గర ఆగి ఉన్న
మీ మాజీ పాఠకురాలు

తా.క.: చదువుతున్నంతసేపూ ఆరో ఎపిసోడ్ టీవీలో పాజ్‌లో ఉంది. "ఇంకా చూస్తున్నారా?" అని అడుగుతున్నారు. మీకు సిగ్గు లేదు.