పాయింట్ మూడు కోసం ప్రదక్షిణలు

మొన్న సాయంత్రం ఒక్కడినే సైకిలేసుకుని చెట్ల మధ్య మట్టిబాట మీద కాసేపు తిరిగాను. చేసిన నేరం ఇంతే. దారిలో కలిసిన తోటి సైకిలాయన ఒకరు "ఎంతయింది?" అని అడిగారు. సైకిల్ ధర కాబోలు అనుకున్నా. కాదట, కిలోమీటర్లట. "చూడలేదండీ, యాప్ ఆన్ చెయ్యలేదు" అన్నాను. ఆయన ముఖంలో నిజమైన జాలి కనిపించింది.

"అయ్యో, అయితే వేస్టే కదండీ!"

వేస్టే. ఒప్పుకుంటున్నాను. చలికాలం గుమ్మం దాకా వచ్చిందని ముందు బ్రేకు మీదున్న నా రెండు వేళ్లకి తెలిసింది, తర్వాత ముక్కుకి. చక్రాల కింద ఎండుటాకులు కరకరలాడాయి. వాటి కింద ఏ వేరు దాక్కుందో, ఏ రాయి పొంచి ఉందో తెలియక మలుపుల్లో ప్రాణాలు ఉగ్గబట్టుకుని నడిపాను. వాలులో దిగుతుంటే కళ్లలో పుట్టిన నీళ్లు చెంపలు వదిలేసి చెవుల దాకా వెళ్లాయి. దేనికీ రసీదు లేదు కాబట్టి ఇవేవీ జరగలేదు. పిక్కల నొప్పి మాత్రం ఎందుకో జరిగినట్టే ఉంది. దాన్ని రద్దు చేయించడానికి ఎవరికి అర్జీ పెట్టుకోవాలో తెలిసినవాళ్లు చెప్పగలరు.

ఒంటరిగా తొక్కినా సాక్షులుండాలి, అదీ రూలు. భూమికి 20,000 కిలోమీటర్ల పైన తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల్లో కనీసం నాలుగైనా అందుబాటులో ఉంటే తప్ప మనం ఎక్కడున్నామో ఫోను సరిగ్గా తేల్చలేదు. పైగా అవి మనల్ని చూడవు కూడా. సిగ్నల్ వదిలి వాటి దారిన అవి పోతాయి, లెక్కంతా ఫోనే కట్టుకుంటుంది. అంటే సాక్షులకి ముద్దాయి ఎవరో కూడా తెలియని కేసు ఇది.

1817 జూన్ 12న కార్ల్ డ్రైస్ అనే ఆయన జర్మనీలోని మాన్‌హైమ్‌లో పెడళ్లు లేని రెండు చక్రాల చెక్కబండి ఎక్కి, కాళ్లతో నేలను తన్నుకుంటూ వెళ్లి తిరిగొచ్చాడు. సైకిల్ కథ అక్కడే మొదలైందంటారు. ఎంత దూరం వెళ్లాడయ్యా అంటే ఒకరు 13 కిలోమీటర్లంటారు, ఇంకొకరు 14 అంటారు. పాయింట్ తర్వాతి అంకె అయితే అసలే లేదు. కాబట్టి సైకిల్‌ని ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

సరే, నాకు వేస్టు సర్టిఫికెట్ ఇచ్చిన పెద్దమనిషి బాట చివర మళ్లీ కనిపించారు. పొద్దు కుంకుతోంది. ఆయన సైకిల్ మీద ఓ చెట్టు చుట్టూ తిరుగుతున్నారు. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు. ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నారేమోనని ఆగాను.

"పంతొమ్మిది పాయింట్ ఏడయిందండీ. ఇరవై చేసేసి ఇంటికెళ్దామని."

మనసులో లెక్క వేశాను. చుట్టుకి పాతిక మీటర్లు అనుకున్నా పన్నెండు చుట్లు. చెట్లు కమ్ముకున్న చోట ఫోను మన జాడని ఐదారు మీటర్లు అటూ ఇటూ పొరబడడం మామూలే. అంత చిన్న చుట్టు దాని లెక్కకి ఎక్కుతుందా, లేదా చెట్టు కింద ఎవరో తూలుతున్నారనుకుంటుందా? ఏడు చుట్ల తర్వాత ఆయనే దిగులుగా చెప్పారు, "ఇంకా పంతొమ్మిదిన్నర పైనే కొట్టుకుంటోంది." కళ్లు తిరుగుతున్నాయని ఎనిమిదో చుట్టు నుంచి ఎదురు దిక్కుకి మార్చారు. చేసిన దూరం వెనక్కి పోదు కదా అని నన్ను అడిగారు కూడా. పోదని ధైర్యం చెప్పాను.

పదో చుట్టులో ఫోను ఆరిపోయింది. "ముప్ఫై శాతం ఉందండీ!" అన్నారు, గొంతు వణుకుతోంది. చలికి లిథియం బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది, పాతదైతే శాతాలు చూపిస్తూ చూపిస్తూనే కళ్లు మూస్తుంది. చంకలో పెట్టుకుంటే మళ్లీ రావచ్చన్నాను. పెట్టుకున్నారు. ఆపరేషన్ థియేటర్ బయట బంధువుల్లా ఇద్దరం మాట్లాడకుండా నిలబడ్డాం. ఐదు నిమిషాలకి ఫోను లేచింది. యాప్ రికార్డులో మాత్రం పదిహేడు దాకానే మిగిలింది, తర్వాత తొక్కిందంతా ఎగిరిపోయింది.

"అయితే వేస్టే కదండీ" అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. నా జీవితంలో ఇంత త్యాగం ఇంకోటి లేదు.

ఈయన అమాయకుడు. ఈయన వల్ల ఆ చెట్టుకి తప్ప ఎవరికీ ఇబ్బంది లేదు. ఇంకో రకం ఉన్నారు. బాటలో ఒక ముక్కని కత్తిరించి, దాన్ని ఎవరు తక్కువ సెకన్లలో దాటారో యాప్ జాబితా కడుతుంది. ఆ జాబితాలో పైకి పాకడానికి కొందరు పూనకం వచ్చినట్టు తొక్కుతారు. నెల కిందట ఇదే బాటలో, మలుపు దగ్గర, ఒక పెద్దావిడ చేతికర్రతో మెల్లగా నడుస్తున్నారు. వెనక నుంచి ఒకడు "సైడ్! సైడ్!" అని అరుస్తూ దూసుకొచ్చాడు. ఆవిడ బెదిరిపోయి పొదలోకి అడుగేశారు. కర్ర జారి ఆకుల్లో పడింది. వాడు వెనక్కి తిరిగి చూడలేదు, వాడి కళ్లు చేతి గడియారం మీదే ఉన్నాయి.

కర్ర తీసిచ్చాను. ఆవిడ చెయ్యి వణుకుతోంది. "నేనే అడ్డొచ్చాను బాబూ" అన్నారు.

ఆవిడ అడ్డు రాలేదు. నడిచే బాట మీద నడుస్తున్నారు. ఎన్ని సెకన్లు మిగిల్చావురా? నాలుగా? ఐదా? ఏం చేసుకుంటావు వాటిని? బ్రేకు నీ రెండు వేళ్ల కిందే ఉంది కదా, నొక్కితే అరిగిపోతావా? నీ పేరు ఒక మెట్టు పైకి జరగడానికి ఆవిడ తుంటి విరగాలా?

ఆ తర్వాత రెండు వారాలు అదే వేళకి అటే వెళ్లాను. ఆవిడ మళ్లీ కనిపించలేదు. చలి ముదురుతోందని రావడం మానేశారేమో.