అల్పపీడనం గారూ, కోతలయ్యాక రండి!

మహారాజశ్రీ అల్పపీడనం గారికి,
కేరాఫ్ పశ్చిమ మధ్య బంగాళాఖాతం.

నమస్కారమండి. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామని కలం తీశాను. కానీ మీరు అక్కడ క్షేమంగా బలపడుతుంటే మేం ఇక్కడ క్షేమంగా ఉండే వీల్లేదు కదా, అందుకని ఆ మాట వదిలేశాను. మాది గోదావరి డెల్టా. కోపం పెరిగేకొద్దీ మా నోట్లో 'అండీ'లు పెరుగుతాయి. ఈ ఉత్తరంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి, సంగతి మీకే తెలుస్తుంది.

ముందు మీ పేరు సంగతి తేలుద్దామండి. అల్పం, పీడనం. ఇందులో రెండోది ఒక్కటే నిజమని మా ఊళ్ళో అందరి అభిప్రాయం. గాలికీ బరువుంటుందని, సముద్రమట్టం దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు కిలో బరువు పడుతుందని బడిలో చదువుకున్నాం. వాతావరణం వాళ్ళ లెక్కలో అది 1013 హెక్టోపాస్కల్స్. మీరు కూర్చున్న చోట చుట్టుపక్కల కంటే ఓ నాలుగైదు తక్కువ. అంతే! కిలో పంచదారకి ఐదు గ్రాములు తూకం తగ్గితే మా కిరాణా కొట్టు దగ్గర ఎవరూ నోరెత్తరు. విశాఖలో రైలెక్కి అరకు వెళ్ళినవాడికి 900 మీటర్ల ఎత్తులో ఏకంగా వంద తగ్గుతుంది. అయినా వాడు బొంగులో చికెన్ తిని, ఫొటోలు దిగి, దిగి వచ్చేస్తాడు. ఎవరింటి రేకులూ లేచిపోవు. ఎత్తుకు వెళ్తే తగ్గడం గాలికి మామూలే. పక్కవాడి కంటే నాలుగు తగ్గితేనే గొడవ, అచ్చం మా దాయాదుల తగాదాల్లాగే.

ఆ నాలుగు పూడ్చడానికి చుట్టూ ఉన్న గాలంతా మీవైపు పరుగెత్తుతుంది. నేరుగా వచ్చి పూడ్చేస్తే పీడా పోను. కానీ భూమి తిరుగుతోంది కదండీ, ఆ గాలి కుడికి ఒరిగి, గడియారం ముల్లుకు ఎదురుదిశలో మీ చుట్టూ ప్రదక్షిణలు మొదలెడుతుంది. లోటు లోటుగానే ఉంటుంది. ఈలోగా వెచ్చబడ్డ సముద్రం మీకు ఆవిరి వడ్డిస్తుంది. ఆవిరి పైకెళ్ళి మబ్బై, తనలో దాచుకున్న వేడిని వదులుతుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద ఇంకా ఖాళీ అవుతుంది. వడ్డించేకొద్దీ ఆకలి పెరిగే పెళ్ళివారి బంధువొకాయన మాకూ ఉన్నాడు లెండి. కాకపోతే ఆయన వచ్చేది ముహూర్తానికి మాత్రమే.

ఇక మీ ప్రమోషన్లు. మా బావ ఇరవై ఏళ్ళుగా ఒకే కుర్చీలో గుమస్తా. మీకేమో మూడు రోజుల్లో నాలుగు! తీవ్ర అల్పపీడనం అన్నారు. గాలి గంటకు 31 కిలోమీటర్లు అందుకోగానే వాయుగుండం, 50కి తీవ్ర వాయుగుండం, 62కి తుఫాను. అక్కడితో నామకరణం కూడా. పేరు పెట్టడానికి పదమూడు దేశాలు వరసలో నిలబడి ఉన్నాయి. మా పిల్లాడికి పేరు పెట్టడానికి ఇద్దరు మేనత్తలు కుదరలేదు. పోనీ ఆ పేర్లయినా మీ గుణానికి తగ్గట్టు ఉంటాయా? 2014 అక్టోబరులో విశాఖ చెట్లన్నిటినీ పడగొట్టింది హుద్‌హుద్, అంటే ఒక పిట్ట. 2018లో ఉద్దానం కొబ్బరితోటల్ని నేలమట్టం చేసింది తిత్లీ, అంటే సీతాకోకచిలుక. అదే ఏడాది డిసెంబరులో పెథాయ్ వచ్చింది. కాట్రేనికోన దగ్గర తీరం దాటి, ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళి, తుని దగ్గర రెండోసారి దాటింది. తాళంచెవులు మర్చిపోయిన అల్లుడు కూడా అత్తారింటికి అంత తొందరగా వెనక్కి రాడండీ.

ఓడరేవుల్లో మీ పేరున పదకొండు ప్రమాద హెచ్చరికలున్నాయి. పదో నంబరు దాకా గొడవ మీతోనే. పదకొండో నంబరుకు అర్థం వేరు: హెచ్చరించే కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని. మా ఊరి కరెంటూ ఫోన్ టవరూ మాత్రం మీరింకా ఒకటో నంబరులో ఉండగానే పదకొండుకు చేరుకుంటాయి. ఆ తర్వాత మీరెక్కడున్నారో మాకు చెప్పేది కొబ్బరిచెట్టు తల ఒక్కటే.

'ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు' అని బులెటిన్‌లో వింటూ పెరిగాం. భారీ అంటే ఊరికే అనరట, రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటాలి. ఆ ఒకటి రెండు చోట్లలో మా చేను ఉంటుందా అన్నదే చిన్నప్పటి నుంచీ మా టెన్షన్. ఆగస్టులో నారు ఎండుతున్నప్పుడు ఉండదు, కోతలప్పుడు తప్పకుండా ఉంటుంది. చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుందని ఊరికే అన్నారా!

కాసేపు ఈ అండీలు పక్కన పెడతాను. 1977 నవంబరు 19. తుఫాను తీరం దాటింది బాపట్ల వైపు, మునిగింది దివిసీమ. సుడికి కుడిపక్క గాలి సముద్రాన్ని నేలమీదికి తోస్తుంది. ఆ కుడిపక్కన దివిసీమ ఉంది. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పదివేల మంది పోయారు. ఆ ఉప్పెన తెచ్చింది కూడా, ఎక్కడో సముద్రం మధ్య, మొదట మీలాంటిదే. ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి, రాడార్లున్నాయి, ముందే బస్సులు పెట్టి జనాన్ని తీసుకెళ్తున్నారు. అయినా తూర్పున నల్లబడితే మా నాన్న పాత రేడియో ముందు నుంచి లేవడు. మేం ఎవరం ఆయన్ని లేపం.

సరేనండి, అసలు విషయానికి వస్తాను. మా సార్వా వరి, అంటే వానాకాలం పంట, పనల మీద ఉంది; కోసిన పైరు చేలోనే పరిచి ఆరబెట్టామన్నమాట. మిషన్‌తో కోయిద్దామంటే చేలో దిగబడుతుందని కూలీలను పెట్టి కోయించాం. మూడు ఎండలు చాలు, కుప్ప వేసేవాళ్ళం. రెండో ఎండ సగంలో ఉండగా మీరొచ్చారు. ఇప్పుడు పనలు నీళ్ళలో తేలుతున్నాయి. గింజ మొలకెత్తకుండా లీటరు నీళ్ళకు యాభై గ్రాముల ఉప్పు కలిపి చల్లమన్నారు వ్యవసాయం వాళ్ళు. చల్లుతున్నాం. అక్కడే నాకో అనుమానం వచ్చిందండీ. సముద్రం నుంచి నీళ్ళు తాగేటప్పుడు ఉప్పు మొత్తం అక్కడే వదిలేసి, మంచినీళ్ళు మాత్రం తెచ్చి మా చేలో పోశారు. వదిలేసిన ఆ ఉప్పు కొట్లో కొనుక్కొచ్చి మళ్ళీ కలుపుకుంటున్నాం మేం. రెండూ కలిపే తెచ్చారనుకోండి, అప్పుడు చేను పోతుంది. ఏం చెప్పాలో నాకే తెలియడం లేదు.

తేమ 17 శాతం దాటిన ధాన్యం కొనరు. మీరు గాల్లో తేమ తొంభై దాటించి, నాలుగు రోజులు ఎండ మొహం చూపించకుండా వెళ్తారు. మేం రోడ్డు మీద బరకాలు పరిచి, మబ్బు విడిస్తే ఆరబోసి, కమ్మితే కప్పి, అర్ధరాత్రి టార్చి పట్టుకుని కాపలా కాస్తాం. మొన్న ధాన్యం గుప్పిట్లోకి తీసుకుని, రంగు మారింది అని ఒకాయన మొహం తిప్పుకున్నాడు. నా మొహం కూడా మారిందండి, ఎవరూ చూడలేదు.

మీరు అసలే వద్దని నేననను. అంత కృతఘ్నుణ్ణి కాదు. జులైలో నాట్లకు వానలేక, మీరెప్పుడు పుడతారా అని టీవీ ముందు కూర్చునేదీ మేమే. అప్పుడు మీరు ఒడిశా దగ్గర ఒడ్డెక్కి, ఛత్తీస్‌గఢ్ మీదుగా వెళ్ళిపోతారు. వాన వాళ్ళకి. ఆ నీళ్ళు ఇంద్రావతిలో, శబరిలో పడి, గోదావరి ఎర్రబడి, ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు ఒకటో హెచ్చరిక మోగుతుంది. వరద మాకు. మాకు తెలియకుండా ఈ పంపకం ఎవరు చేశారండీ?

కాబట్టి చిన్న మనవి. వైశాఖంలో ఒకసారి తొంగిచూసి ఎండ తగ్గించండి. నాట్లప్పుడు రెండుసార్లు రండి, మా మీదుగానే వెళ్ళండి, గాలి ఇంట్లో పెట్టి రండి. కార్తీకం, మార్గశిరం మాత్రం సెలవు పెట్టండి. ఆ రెండు నెలలు చాలు, ఎక్కువ అడగడం లేదు.

ఇట్లు,
పనల మీద వరి ఉన్న రైతు.

తా.క.: ఉత్తరం మడుస్తుండగా ఫోన్ మోగింది. దక్షిణ అండమాన్ సముద్రం మీద ఉపరితల ఆవర్తనం ఏర్పడిందట. మీ తమ్ముడా అండీ? బరకం ఇంకా మడత పెట్టలేదు లెండి.