ఆ అంకె ఎప్పటిది? ఏఐ ఏజెంట్‌కు ఎవరూ చెప్పని సంగతి

ఆప్షన్ చెయిన్‌లో, అంటే షేరును ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కుల (ఆప్షన్ల) పట్టికలో, ఒక వరుస తీసుకుందాం. లాస్ట్ ప్రైస్ (చివరి లావాదేవీ ధర) 4.20, బిడ్ (కొనేవాళ్లు ఇస్తామనే ధర) 2.10, ఆస్క్ (అమ్మేవాళ్లు అడిగే ధర) 2.40, ఓపెన్ ఇంటరెస్ట్ (ఇంకా ముగియని కాంట్రాక్టుల సంఖ్య) 1,850. రోజూ మార్కెట్ చూసేవాళ్లకు ఇందులోని తిరకాసు చూడగానే తెలిసిపోతుంది. 4.20 దగ్గర లావాదేవీ జరిగింది పొద్దున్నెప్పుడో. ఆ తర్వాత షేరు కదిలిపోయింది, ఈ కాంట్రాక్టును మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు దాని ధర రెండుంపావు దగ్గర ఉంది. ఇదే వరుసను ఏఐ ఏజెంట్‌కు, అంటే మన తరఫున పనులు చేసిపెట్టే ఏఐ ప్రోగ్రామ్‌కు, ఇస్తే, ‘4.20 పలికేది 2.40కే దొరుకుతోంది, చవక’ అని ధీమాగా చెప్పినా ఆశ్చర్యపోనక్కర్లేదు. దానికి ఇచ్చిన అంకెలన్నీ నిజమైనవే. ఒక్కోదాని వయసు ఒక్కోలా ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఏజెంట్లకు ఆప్షన్ల డేటా తెచ్చిపెట్టే టూల్స్ తయారు చేయడం ఇప్పుడు పెద్ద పనేమీ కాదు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ను (ఎంసీపీ), అంటే ఏఐని బయటి డేటాకూ టూల్స్‌కూ కలిపే పద్ధతిని, ఎవరైనా వాడుకునేలా విడుదల చేసింది. అప్పటినుంచీ, ముందే ఉన్న ఏపీఐకి (ప్రోగ్రాములు డేటా అడిగి తెచ్చుకునే దారికి) ఒక తొడుగు వేసి ‘ఏజెంట్ టూల్’ అనేయడం సులువైపోయింది. నా పేచీ ఆ తొడుగుతోనే. ఏపీఐ రాసింది ప్రోగ్రామర్ల కోసం. వాళ్లు డాక్యుమెంటేషన్ చదువుతారు, లెక్క తేడా వస్తే తల గోక్కుని వెతుకుతారు. ఏజెంట్ అలా కాదు. టూల్ ఏమిస్తే అదే దాని ప్రపంచం.

ఆ వరుసలో ఏది ఎప్పటిదో చూస్తే విషయం తెలుస్తుంది. బిడ్, ఆస్క్‌లు ఈ క్షణానివి కావచ్చు. ఉచిత డేటా అయితే సాధారణంగా పదిహేను నిమిషాల పాతవి. వాల్యూమ్, అంటే చేతులు మారిన కాంట్రాక్టుల సంఖ్య, ఇవాళ్టిది. ఓపెన్ ఇంటరెస్ట్ మాత్రం నిన్నటిది. అమెరికాలో ఆప్షన్ల లావాదేవీల లెక్కలు తేల్చే ఆప్షన్స్ క్లియరింగ్ కార్పొరేషన్ రోజు ముగిశాక లెక్క కట్టిన అంకె మర్నాడు పొద్దున వస్తుంది, రోజంతా అదే కనిపిస్తుంది. ‘ఓపెన్ ఇంటరెస్ట్ అసలు పెరగడం లేదు, కాబట్టి కొత్త పొజిషన్లు ఎవరూ తీసుకోవడం లేదు’ అని ఏజెంట్ మధ్యాహ్నం తేల్చేస్తే తప్పు దానిది కాదు.

ఇంప్లైడ్ వొలటాలిటీ, అంటే షేరు ఎంత ఊగుతుందని ఆప్షన్ ధర సూచిస్తోందో చెప్పే అంకె, దాని సంగతి ఇంకా చిక్కు. నిజానికి అది డేటాయే కాదు, ఒక ఫార్ములాను వెనక నుంచి నడిపి రాబట్టిన లెక్క. ఆప్షన్‌కు ధర కట్టే ఆ ఫార్ములాతో బ్లాక్, షోల్స్‌ల పేపర్ వచ్చింది 1973లో. చికాగోలో ఆప్షన్ల ఎక్స్ఛేంజ్ 16 కంపెనీల షేర్ల మీద కాల్ ఆప్షన్లతో (కొనే హక్కులతో) మొదలైందీ ఆ ఏడాదే. పుట్‌లు (అమ్మే హక్కులు) 1977 దాకా రానేలేదు. అప్పటినుంచీ ఈ లెక్కకు వడ్డీ రేటు ఎంత వేశారు, డివిడెండ్ కలిపారా, ఏ ధర తీసుకున్నారు అన్న ప్రశ్నలు తప్పడం లేదు. పైన చెప్పిన వరుసలో 4.20 వేస్తే ఒక వొలటాలిటీ వస్తుంది, బిడ్ ఆస్క్‌ల సగటు 2.25 వేస్తే దానికి చాలా దూరంలో ఇంకోటి వస్తుంది. టూల్ మాత్రం ఒకే అంకె ఇచ్చి ఊరుకుంటుంది. లెక్క తేలకపోతే కొన్ని టూల్స్ ఏకంగా సున్నా పెట్టేస్తాయి. ‘లేదు’ అన్నదానికీ ‘సున్నా’ అన్నదానికీ తేడా తెలియని టూల్‌ను డబ్బు దగ్గరికి రానివ్వకూడదు.

రేపటి మోడల్స్ తెలివి మీరి ఇవన్నీ వాటంతట అవే పట్టేస్తాయని కొందరి వాదన. కొంతవరకు నిజమే. బిడ్, ఆస్క్‌లకు పొంతన లేని లాస్ట్ ప్రైస్‌ను మంచి మోడల్ ఇప్పుడే అనుమానిస్తుంది. కానీ అంకె పక్కన రాయని టైమ్‌ను ఎంత తెలివైనా ఎక్కడినుంచి తెస్తుంది? ప్రతి అంకెతోపాటు అది ఎప్పటిదో, ఎక్కడిదో, మనం కట్టిన లెక్కా లేక ఎక్స్ఛేంజ్ ఇచ్చిందా అన్నది టూలే చెప్పాలి.

ఎంత ఇవ్వాలన్నదీ ముఖ్యమే. పేరున్న షేరుకు ఇరవై ఎక్స్‌పైరీలు (గడువు తేదీలు), ఒక్కోదానికి వంద స్ట్రైక్‌లు (కొనడానికో అమ్మడానికో ముందే అనుకున్న ధరలు) అనుకోండి. కాల్, పుట్ కలిపితే 4,000 కాంట్రాక్టులు. ఒక్కోదానికి పది అంకెలంటే 40,000. ఇదంతా ఏజెంట్ మీద కుమ్మరిస్తే టోకెన్ల (ఏఐ చదివే అక్షరాల ముక్కల) ఖర్చు సరే, అసలు కావలసిన వరుస ఆ కుప్పలో ఎక్కడుందో దానికే దొరకదు. ‘నెల రోజుల గడువు, డెల్టా 0.30 దగ్గర’ అని అడిగితే (డెల్టా అంటే షేరు ఒకటి కదిలితే ఆప్షన్ ధర ఎంత కదులుతుందో చెప్పే అంకె) నాలుగైదు వరుసలు ఇచ్చేది పనికొచ్చే టూల్. కూడికలు, తీసివేతలు కూడా టూలే చేసి ఇస్తే మేలు.

కాంట్రాక్టు పేరుతోనూ ఒక తంటా ఉంది. అమెరికా పద్ధతిలో పేరు 21 అక్షరాలు: షేరు గుర్తుకు ఆరు, తేదీకి ఆరు, కాల్ లేదా పుట్ అని చెప్పడానికి ఒకటి, స్ట్రైక్‌కు ఎనిమిది. ఆ ఎనిమిదిలో చివరి మూడూ దశాంశాలు. అంటే 150 స్ట్రైక్ 00150000గా కనిపిస్తుంది. దీన్ని లక్షా యాభై వేలని చదివితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. విడగొట్టి ఇవ్వడానికి టూల్‌కు రెండు లైన్ల కోడ్ చాలు.

ఆర్డర్లు పెట్టే పనిని ఇదే టూల్‌లో కలపడం నాకు అస్సలు నచ్చదు. చదివేది చదవాలి, అంతే. కొనే బటన్ వేరే చోట, మనిషి చేతికింద ఉండాలి.

ఇలాంటి టూల్ ఏది చేతికొచ్చినా నేను ముందు చేసే పరీక్ష ఒకటుంది. ఆదివారం మధ్యాహ్నం ఒక ఆప్షన్ ధర అడుగుతాను. ‘మార్కెట్ మూసి ఉంది, ఇది శుక్రవారం ముగింపు నాటి కోట్’ అని వస్తే ఇంకో ప్రశ్న వేస్తాను. ఉత్త అంకె వస్తే టూల్‌ను అక్కడికక్కడే తీసేస్తాను.