బాగానే నడుస్తోందిగా, రీకాల్ ఎందుకు?

మా బాబాయి కారుకి రీకాల్ వచ్చి, అంటే లోపమున్న భాగాన్ని ఉచితంగా మారుస్తాం తీసుకురమ్మని కంపెనీయే పిలిచి, ఏడాదిన్నర దాటింది. ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్ మార్చాలి. పైసా ఖర్చు లేదు, ఒక పూట పని. మొన్న కనిపించినప్పుడు "చేయించావా బాబాయ్?" అని అడిగాను. "తొమ్మిదేళ్ల నుంచి నడుపుతున్నానురా, ఒక్కరోజు కూడా మొండికేయలేదు. బాగున్న బండిని ఎందుకు విప్పించుకోవడం?" అన్నాడు.

ఆ 'బాగున్న బండి' అనే మాట మీదే ఈ పోస్టు. పొడుగ్గానే ఉంటుంది. ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగి, మీ కారు ఛాసిస్ నంబర్ కంపెనీ సైట్లో కొట్టి చూసుకుని వెళ్లిపోండి. నాకు అదే చాలు.

బ్రేకుల సంగతి వేరు. రోజుకి వందసార్లు తొక్కుతాం కాబట్టి ప్యాడ్ అరిగితే కీచుమని అదే చెబుతుంది. ఏసీ పాడైతే ఆ మధ్యాహ్నమే తెలిసిపోతుంది. ఎయిర్‌బ్యాగ్ మాత్రం స్టీరింగ్ లోపల, డ్యాష్‌బోర్డు లోపల మడతపడి ఏళ్ల తరబడి ఊరికే కూర్చుంటుంది. తొమ్మిదేళ్లుగా దానితో ఇబ్బంది రాలేదంటే, తొమ్మిదేళ్లుగా దానితో పని పడలేదని అర్థం. పరీక్షే రాయని పిల్లాడు ఇంతవరకు ఫెయిల్ కాలేదని మురిసిపోతే ఎలా ఉంటుంది?

ఎయిర్‌బ్యాగ్ అనగానే గుర్తొచ్చేది, వాటిని తయారుచేసిన జపాన్ కంపెనీ టకాటా కథ. ఇన్‌ఫ్లేటర్ అంటే చిన్న లోహపు డబ్బా. కారు గుద్దుకున్నప్పుడు అందులోని మందు రెప్పపాటులో మండి, గ్యాస్ పుట్టి, సంచి ఉబ్బుతుంది. టకాటా ఆ మందుకి అమ్మోనియం నైట్రేట్ వాడింది. ఏళ్ల తరబడి గాలిలో తేమ, పగటి వేడి, రాత్రి చలి తగిలి తగిలి ఆ బిళ్లలు పాడయ్యాయి. మండాల్సిన దానికంటే వేగంగా మండడంతో డబ్బాయే పగిలిపోయి, ముక్కలు సంచిని చీల్చుకుని వచ్చి ముందు కూర్చున్నవాళ్ల మెడకీ మొహానికీ గుచ్చుకున్నాయి. చిన్నపాటి దెబ్బలతో బయటపడాల్సిన మనుషులు, కాపాడాల్సిన వస్తువు వల్ల పోయారు.

2008 నవంబరులో హోండా దీనికోసం వెనక్కి పిలిచింది దాదాపు 4 వేల కార్లనే. అది పాకి పాకి ఒక్క అమెరికాలోనే సుమారు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్ల దాకా వెళ్లింది. 2017 జూన్‌లో టకాటా దివాలా తీసింది. 2001 నుంచి 2003 మధ్య వచ్చిన కొన్ని హోండా, అక్యూరా కార్లలో అయితే, గుద్దుకుంటే ఇన్‌ఫ్లేటర్ పగిలే అవకాశం 50 శాతం దాకా ఉందని అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2016లో ప్రకటించింది. రిపేరుకి తీసుకెళ్లడానికి తప్ప వాటిని బయటికి తీయొద్దంది. ఆ కార్లన్నీ ముందురోజు దాకా బాగానే నడిచాయి. పైగా ఈ లోపం బండి పాతబడేకొద్దీ ముదిరే రకం. బాబాయి గొప్పగా చెప్పుకున్న తొమ్మిదేళ్లు ఇలాంటి చోట ధీమా ఇచ్చేవి కావు, భయపెట్టేవి.

ఇంకోటి, తాళంచెవి కథ. 2014లో జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ లోపం వల్ల దాదాపు 26 లక్షల కార్లను రీకాల్ చేసింది. తాళాన్ని ఆన్‌లో పట్టి ఉంచాల్సిన స్ప్రింగు బిగువు తక్కువ. గుత్తి బరువుగా ఉన్నా, మోకాలు తగిలినా, గతుకులో పడినా తాళం ఒక మెట్టు వెనక్కి జారేది. దాంతో ఇంజిన్ ఆగుతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది, బండి ఆపేశారనుకుని ఎయిర్‌బ్యాగులు కూడా తెరుచుకోవు. కంపెనీ పెట్టిన పరిహార నిధే 124 మరణాలను ఒప్పుకుంది. అన్నిటికంటే నాకు ఒళ్లు మండే విషయం, ఆ స్విచ్‌ని మధ్యలో ఎప్పుడో గుట్టుగా సరిచేసి, పార్టు నంబర్ మాత్రం మార్చకపోవడం. పాతదీ కొత్తదీ ఒకే నంబర్‌తో తిరుగుతుంటే తేడా కనిపెట్టేదెవరు?

రిపేరయ్యేదాకా గుత్తిలోంచి అన్నీ తీసేసి ఒక్క కారు తాళంచెవితోనే నడపమని అప్పట్లో యజమానులకి చెప్పారు. అది చదివిన రోజు నా గుత్తి తీసి బల్ల మీద పెట్టాను. ఇంటి తాళంచెవులు రెండు, బీరువాది ఒకటి, ఎవరో ఇచ్చిన ఇత్తడి వినాయకుడు, దేనిదో ఇప్పటికీ తెలియని చిన్న తాళంచెవి ఒకటి. నాది ఆ కంపెనీ కారు కాదు. అయినా ఆ రోజు నుంచి కారు తాళంచెవి విడిగానే ఉంటోంది.

బాబాయిని తిట్టి నేనేదో మంచి బాలుణ్ని అనుకోకండి. నాది సెకండ్ హ్యాండ్ కారు. కొన్న మూడేళ్లకి, అది కూడా ఆఫీసులో ఎవరో వేరే మోడల్ గురించి మాట్లాడుకుంటుంటే విని, సరదాగా నంబర్ కొట్టి చూశాను. ఎదుటి అద్దం కింద మూలలో, బయట నుంచి వంగి చూస్తే కనిపించే పదిహేడు అక్షరాల నంబర్. సున్నా రాయాల్సిన చోట ఇంగ్లీషు 'ఓ' కొడితే సైటు ఒప్పుకోలేదు. తర్వాత తెలిసింది, ఆ తికమక ఉండకూడదనే ఆ నంబర్లో 'ఐ', 'ఓ', 'క్యూ' అనే అక్షరాలే వాడరట. సరిగ్గా కొట్టాక వచ్చింది: ఒక రీకాల్, పని పూర్తి కాలేదు. ఫ్యూయల్ పంపు. లోపల తిరిగే ప్లాస్టిక్ చక్రం పెట్రోలు పీల్చుకుని ఉబ్బి, తిరగలేక ఆగిపోవచ్చు. అంటే హైవే మీద, లారీల మధ్య, ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోవడం.

ఉత్తరం వెళ్లింది మొదటి ఓనరుకి, అదీ ఆయన ఖాళీ చేసిన ఇంటికి. నాకు అమ్మినాయన దాచలేదు, ఆయనకే తెలియదు. రీకాల్ వ్యవస్థలో పెద్ద చిల్లు ఇదే. లోపం బండితో పాటు చేతులు మారుతుంది, ఉత్తరం మాత్రం పాత అడ్రసులోనే ఆగిపోతుంది. చట్టాలు గట్టిగా ఉన్నాయనుకునే అమెరికాలోనే చూడండి. రీకాల్ పని పూర్తి కాని కొత్త కారుని డీలరు అమ్మకూడదు, పాత కారుకి మాత్రం కేంద్ర చట్టంలో ఆ అడ్డు లేదు. పాత కారులో ఎయిర్‌బ్యాగ్ పగిలితే మెత్తగా తగులుతుందా?

సరే, సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశాను. "పార్టు స్టాకు లేదండి, వచ్చాక కాల్ చేస్తాం" అన్నారు. చేయలేదు. నేనే నాలుగుసార్లు చేశాను. మూడోసారి అడిగాను, అప్పటిదాకా నడపొచ్చా అని. "నడపండి సార్, ఏం కాదు" అన్నాడు ఆ కుర్రాడు, టోకెన్ నంబర్ చెప్పినంత తేలిగ్గా. ఏం కాకపోతే మీ కంపెనీ ఇన్ని బళ్లను ఎందుకు పిలిచినట్టు బాబూ? అతన్ని అని లాభం లేదు, ఏం చెప్పాలో అతనికీ ఎవరూ చెప్పి ఉండరు. కంపెనీ ఉత్తరాల భాషే అలా ఉంటుంది. 'కొన్ని అరుదైన పరిస్థితుల్లో', 'ముందుజాగ్రత్తగా', 'అసౌకర్యానికి చింతిస్తున్నాం'. ఇంజిన్ ఆగిపోవచ్చు అనే ఒక్క ముక్క వెతుక్కోవాలి.

చివరికి మార్చారు. ఉచితమే. కాకపోతే వైపర్లు మార్చుకోండి, ఇంజిన్ క్లీనింగ్ చేయించుకోండి అంటూ ఇంకో కాగితం చేతిలో పెట్టారు. జనం రీకాల్ అనగానే సర్వీస్ సెంటర్ వాళ్ల బేరం అనుకోవడానికి కారణం ఇదే. ఆ కాగితం పక్కన పెట్టేసి, జాబ్ కార్డు మీద రీకాల్ నంబర్, పూర్తయిన తేదీ రాయించుకున్నాను. రేపు నేను అమ్మేటప్పుడు కొనేవాడికి ఇవ్వడానికి. తీసేసిన పంపు చూపించమంటే తెచ్చి చూపించారు. పెట్రోలు వాసన కొడుతున్న నల్లటి ప్లాస్టిక్ డబ్బా. అటూ ఇటూ తిప్పి చూశాను, ఎక్కడా ఒక గీత కూడా లేదు. అచ్చం బాబాయి చెప్పినట్టు, బాగానే ఉంది.

అన్ని రీకాల్స్‌కీ ఒకేలా టెన్షన్ పడక్కర్లేదు. స్టిక్కర్ తప్పుగా అచ్చయిందని పిలిచినవీ ఉంటాయి. ఉత్తరంలో చూడాల్సింది, 'నడపొద్దు' అన్నారా, 'ఇంటికి దూరంగా బయట పెట్టండి' అన్నారా అని. ఈ రెండిట్లో ఏది కనిపించినా వాయిదా వేయొద్దు. షెవర్లే బోల్ట్ అనే ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలు అంటుకుంటున్నాయని 2021లో ఆ మోడల్ కార్లన్నిటినీ రీకాల్ చేసినప్పుడు, ఛార్జింగ్ 90 శాతం దాటించొద్దు, రాత్రిపూట ఇంట్లో ఛార్జింగ్ పెట్టి వదిలేయొద్దు అన్నారు. ఆగి ఉన్న కారు కూడా అంటుకుంటుందన్నమాట. 'ఎక్కువ తిప్పం కదా' అనే వాదన అక్కడ పనికిరాదు.

దీనికి పూర్తి ఎదురు బ్యాచ్ ఒకటుంది. రీకాల్ వార్త రాగానే "ఆ డబ్బా కంపెనీ కారు కొనకండి" అని మొదలుపెడతారు. 2023 డిసెంబరులో టెస్లా, డ్రైవర్‌కి సాయంగా స్టీరింగ్, వేగం చూసుకునే 'ఆటోపైలట్'లో లోపం సరిచేయడం కోసం 20 లక్షలకు పైగా కార్లకి సాఫ్ట్‌వేర్ పంపినప్పుడు, ఇది అసలు రీకాలేనా అని కొట్టుకున్నారు. రీకాలే. లోపం భద్రతకి సంబంధించినదైతే చాలు, స్పానర్‌తో సరిచేశారా, వైఫైతో సరిచేశారా అన్నది తర్వాతి మాట. నా మటుకు నాకు రీకాల్ చేసే కంపెనీ కంటే నోరు మెదపని కంపెనీ అంటేనే భయం. కార్లు వాటంతటవే వేగం పుంజుకుంటున్నాయన్న ఫిర్యాదుల విషయంలో కస్టమర్లని తప్పుదోవ పట్టించినందుకు టయోటా 2014లో అమెరికా ప్రభుత్వానికి 120 కోట్ల డాలర్లు కట్టింది. అది కార్లు వెనక్కి పిలిచినందుకు పడిన జరిమానా కాదు.

బాబాయి సంగతి చెప్పి ముగిస్తాను. నిన్న మళ్లీ వెళ్లి, ఆయన ముందే ఛాసిస్ నంబర్ కొట్టి, వచ్చింది గట్టిగా చదివాను. నాకూ అప్పటిదాకా తెలియని ముక్క ఒకటి అందులో ఉంది. మార్చాల్సింది డ్రైవర్ వైపుది కాదు, పక్క సీటుది.

ఆ సీట్లో తొమ్మిదేళ్లుగా కూర్చుంటున్నది పిన్ని. వంటింట్లోంచి వింటూనే ఉంది. బాబాయి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టి, "అపాయింట్‌మెంట్ ఎప్పటికి ఇస్తారో అడగరా" అన్నాడు. వచ్చే మంగళవారం ఇచ్చారు. సాయంత్రం గుడికి వెళ్తూ పిన్ని ఏమీ అనకుండా వెనక డోరు తీసుకుని కూర్చుంది.