మాట గడప దాటింది కడపలోనే

ప్రపంచ భాషలన్నీ కడపలోనే పుట్టాయని నేను తేల్చేశాను. ఊరికే అనడం లేదు, రుజువులున్నాయి, అవి వాట్సాప్‌లో తిరిగే రుజువుల కంటే ఒక పిసరు గట్టివే. తిరుమలకు గడప కాబట్టి దేవుని కడప అయిందని మా ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు గానీ, మాట గడప దాటడమనేది అసలు ఎక్కడ మొదలైందో ఒక్కరూ ఆలోచించిన పాపాన పోలేదు. ఈ గుట్టు బయటపడకూడదనే తెల్లదొరలు మూడక్షరాల ఊరి పేరుని ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలకు సాగదీశారు. దాన్ని సరిచేసుకునేసరికి మనకు 2005 వచ్చింది.

పెద్ద మాటల జోలికి నేను పోను, వాటిని సంస్కృతం వాళ్ళు ఎప్పుడో పట్టా చేయించుకున్నారు. చిన్నవే చూద్దాం. నువ్వు అనడానికి చైనావాళ్ళు 'నీ' అంటారు. ఇంకేం కావాలి? ఈజిప్టువాళ్ళ సూర్యదేవుడి పేరు 'రా'. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మా కడప ఏడురోడ్ల కూడలి దగ్గర నిలబడండి, ఆయన్ని ఏ ఊరివాళ్ళు పిలిచారో, వచ్చినాయన తిరిగి ఎందుకు పోలేదో మాడు కాలి మీకే తెలుస్తుంది. ఫ్రెంచిలో నీళ్ళని 'ఓ' అంటారు. ట్యాంకరు సందులోకి మళ్ళగానే బిందెలతో ఆడామగా ఏమని అరుస్తారో మీరు వినలేదా? లాటిన్ 'ఆక్వా' అరిగి అరిగి ఫ్రెంచిలో 'ఓ' మిగిలిందని పుస్తకాల్లో ఉన్న మాట నిజమే. ఆ రాసినవాళ్ళు ఎన్నడన్నా ట్యాంకరు కోసం నిలబడ్డారా?

ఇక 'ఓకే'. 1839 మార్చి 23న బోస్టన్‌లో ఒక పత్రిక 'ఆల్ కరెక్ట్' అన్నదాన్ని కావాలనే తప్పు స్పెల్లింగుతో రాసుకుని, తమాషాకి దాని పొడి అక్షరాలు అచ్చేసిందనీ, మరుసటేడు ఎన్నికల్లో అధ్యక్షుడు వాన్ బ్యూరెన్‌కున్న 'ఓల్డ్ కిండర్‌హుక్' అనే ముద్దుపేరుతో ఆ మాట ఊరూరా పాకిందనీ అమెరికావాళ్ళ వాదన. మంచిది. సి.పి. బ్రౌన్ దొర ఉద్యోగం మీద కడపకొచ్చింది 1820లో. మధ్యలో 19 ఏళ్ళు. రెండక్షరాల మాట ఓడెక్కి పోవడానికి ఇది చాలదా? మరి 1852లో అచ్చయిన తన నిఘంటువులో బ్రౌన్ ఈ సంగతి ఎందుకు చెప్పలేదంటారా, చెప్పకపోవడమే నా దగ్గరున్న పెద్ద సాక్ష్యం.

మా వీధిలో ఒక తెలుగు లెక్చరర్ ఉన్నారు, మనిషి కాస్త సంతోషంగా కనబడితే ఓర్చుకోలేరు. "ఒక మాట కలిస్తే చుట్టరికం కాదబ్బీ, వరస కలవాల. కన్నడంలో కివి అంటే మనకు చెవి, వాళ్ళ కెరె మన చెరువు. వాళ్ళ క మనకు చ అవుతా పోతాది చూడు, అట్లా దొరికితేనే ఒక తల్లి పిల్లలు. ఆస్ట్రేలియాలో ఎంబబరం అని ఆదివాసుల భాష, దాంట్లో కుక్కను 'డాగ్' అనే అంటారు, ఇంగ్లీషుతో బాదరాయణ సంబంధం కూడా లేదు. మన బద్మాష్‌లో ఉండే 'బద్' పారశీకం, దానికీ ఇంగ్లీషు బ్యాడ్‌కీ ఏమీ కాదు. నోట్లో పలికే శబ్దాలే కొన్ని, చిన్న మాటలు యాడో ఒకచోట గుద్దుకోకుండా ఎట్లుంటాయి?" అన్నారు.

అంతా విన్నాను. క-చల లెక్క ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఫార్వర్డ్ చేసే నాథుడుంటాడా? అదే 'బద్, బ్యాడ్ రెండూ మనవే, గర్వించు తెలుగోడా' అని పెట్టి చూడండి, మొబైలు వేడెక్కేదాకా దండాల బొమ్మలే.

అరుగుదలలో మాత్రం మాకు ఎవరూ సాటి రారు. టీ అంగట్లో 'అన్నా, రెండు టీ' అనేది 'న్నా' అయి, చివరికి "నా, రెండు టీ" దగ్గర ఆగింది. హిందీ ఆయన పక్కనుంటే ఈయన టీలు వద్దంటున్నాడనుకుంటాడు.

చిన్న చిక్కులు లేకపోలేదు. జార్జియా దేశంలో 'మామ' అంటే నాన్న. మేనరికాలు ఎక్కువైతే వరసలు అట్లాగే కలగాపులగమవుతాయి, అది పెద్ద విషయం కాదు. జపాన్‌లో తమ తండ్రి గురించి చెప్పేటప్పుడు 'చిచి' అంటారు, తల్లిని 'హహ' అంటారు. ఈ రెండూ కడపలో ఏ ఇంటి గడప దాటాయో గానీ, ఆ ఇంట్లో పెద్దాయన మాట చెల్లేది కాదని మాత్రం తెలుస్తోంది.

అర్థం కాకపోతే అనే 'ఆఁ?' దాదాపు అన్ని భాషల్లో ఒకే తీరుగా ఉంటుందని 31 భాషలు చూసిన పరిశోధకులు 2013లో రాశారు, 2015లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) కూడా పుచ్చుకున్నారు. ఏ ఆఫీసు కిటికీ దగ్గరైనా మన గోడంతా విని గుమాస్తా అనే మొదటి మాట అదే. ఆయనకి మాత్రం బహుమతి లేదు, ఇంక్రిమెంటే.

నా సిద్ధాంతం ఇంకా అచ్చు కాకముందే పంపకాల గొడవ మొదలైంది. 'ప్పా' తమదేనని అనంతపురం వాళ్ళు కూర్చున్నారు. కొరియావాళ్ళు తండ్రిని 'అప్పా' అంటారు కాబట్టి ఆ వాటా వాళ్ళూ వాళ్ళూ తేల్చుకోనీ, మాకు అభ్యంతరం లేదు. కర్నూలు వాళ్ళు మాత్రం 'ఓ'లో సగం కావాలంటున్నారు. పక్కనే తుంగభద్ర, ఊళ్ళో హంద్రీ పెట్టుకుని వాళ్ళకెందుకంట?