సవరణ: ప్రొజెక్టర్ గోడకు సిల్వర్ ఎంత కలపాలి?

పోయిన వారం ప్రొజెక్టర్ కోసం గోడకు వేసే రంగు గురించి రాస్తూ, లీటరు తెల్ల ఎమల్షన్‌లో 200 మి.లీ. సిల్వర్ (వెండిలా మెరిసే పెయింట్) కలపమన్నాను. తప్పు. 20 బదులు ఓ సున్నా ఎక్కువ పడింది. అంత కలిపితే తెర మధ్యలో బల్బు వెలిగినట్టు మెరుపు మచ్చ కనిపిస్తుంది, పక్కన కూర్చున్నవాళ్లకు బొమ్మ మసకబారుతుంది. ఎమల్షన్ నీళ్లలో కలిసే రంగు కాబట్టి సిల్వర్ కూడా నీళ్లలో కలిసే రకమే కావాలి. గేట్లకు వేసే ఆయిల్ రకం కలిపితే విరిగిన పాలలా అవుతుంది.

ఆ రాతలోనే శాటిన్ ఫినిష్ (కొంచెం మెరిసే రకం) అన్నచోట మ్యాట్ (మెరుపు లేని రకం) అని చదువుకోండి. గది బాగా చీకటిగా ఉంటే అసలు సిల్వరే అక్కర్లేదు, మ్యాట్ తెలుపు చాలు. వెలుతురు పడే హాల్లో మాత్రం నల్ల స్టెయినర్ (పెయింట్‌లో కలిపే చిక్కటి రంగు) చుక్కలు చుక్కలుగా కలిపి లేత బూడిద రంగు తెచ్చుకోండి. తడి మీద చూసి తేల్చేయకండి, ఆరాక రంగు మారుతుంది. ముందు అట్టముక్క మీద వేసి చూడండి.