దిగేది మురికి కాదు, రికార్డే

‘పాత రికార్డు కొత్తదానిలా పాడాలంటే ఆరు చిట్కాలు’ అని ఒక ఫార్వర్డు తిరుగుతోంది. నిన్న మళ్ళీ వచ్చింది. ఈసారి కింద ‘తాతగారి ప్లేట్లకి బాగా పనికొస్తుంది’ అని కూడా తగిలించారు. ఆ ఒక్క ముక్క కోసమే ఇది రాస్తున్నాను.

మొదటిది, అంచుకి ఆకుపచ్చ స్కెచ్‌పెన్ పూయడం. అది సీడీల కాలపు తంతు. సీడీని లేజర్ చదువుతుంది. ముల్లుతో పాడే ఎల్పీకి, అంటే వినైల్ రికార్డుకి, లేజరే లేదు, వదిలేయండి. తర్వాత డీమాగ్నటైజ్ చేయాలట, అంటే అయస్కాంతత్వం తీసేయాలట. వినైల్ అంటే పీవీసీ ప్లాస్టిక్, దానికి అయస్కాంతం అంటదు. ఇంట్లో చీపురుకి చేసుకున్నా అంతే ఫలితం. రాత్రంతా ఫ్రీజర్‌లో పెడితే వినైల్ పెళుసెక్కుతుంది, బయటికి తీయగానే చెమ్మ పట్టి లేబుల్ ఉబ్బుతుంది. గాడిలో దుమ్ము ఎక్కడిదక్కడే, కాస్త చల్లగా.

ముల్లు ఎగురుతుంటే హెడ్‌షెల్ మీద, అంటే ముల్లు బిగించే తల మీద, రూపాయి బిళ్ళ పెట్టాలట. 2011 రకం బిళ్ళ 3.79 గ్రాములు. ఏటీ-వీఎం95ఈ లాంటి కాట్రిడ్జ్ (ముల్లుండే చిన్న డబ్బీ) గాడి మీద మోపాల్సిన బరువు 1.8 నుంచి 2.2 గ్రాముల మధ్య. రెండూ కలిపితే దాదాపు ఆరు. ఇక ఎగరదు, నిజమే. దున్నుతుంది. ముల్లు కొసకి ఉండకట్టిన దుమ్ము తీయండి, టర్న్‌టేబుల్ మట్టం చూడండి, ముల్లు బరువు చిన్న డిజిటల్ త్రాసు మీద సరిచేయండి.

అసలు ఘోరం ఐదోది: ‘స్పిరిట్‌తోగానీ శానిటైజర్‌తోగానీ గట్టిగా రుద్దండి, నల్లగా మురికి దిగుతుంది.’

దిగేది మురికి కాదు నాయనా, రికార్డే! తాతగారి 78 ఆర్పీఎం ప్లేటు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేది, వినైల్ కాదు. లక్కలో రాతిపొడి, మసి కలిపి వేడిమీద అచ్చు పోసినది. ఫ్రెంచి పాలిష్ చేసే వడ్రంగిని అడగండి, లక్క రేకులు దేంట్లో కరిగిస్తాడో. స్పిరిట్‌లో! దూది నల్లబడినకొద్దీ గాడి గోడ కరుగుతోందని లెక్క. తుడిచినచోట మెరుపు చచ్చి మసకబారుతుంది, అక్కడ ముల్లు ఆనితే బుస్సుమంటుంది. దానికి మరమ్మతు లేదు.

లక్క ప్లేటుకి లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కలు గిన్నెల లిక్విడ్ చాలు. మెత్తటి బ్రష్‌తో గాడి వెంట గుండ్రంగా, లేబుల్ తడవకుండా. నానబెట్టకండి, పగుళ్ళలోకి నీరు దిగుతుంది. వెంటనే ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, తుడిచి ఆరబెట్టండి. ఇంకోటి, 18 మైక్రాన్ల ఎల్పీ ముల్లు 78 గాడి అడుగున చెత్తలో పడి దొర్లుతుంది. అటూ ఇటూగా 70 మైక్రాన్ల ముల్లు వేయండి, గరగర చాలావరకు అక్కడే తగ్గుతుంది. వినైల్‌కైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక పాలు, డిస్టిల్డ్ వాటర్ నాలుగు పాళ్ళు కలిపి వాడొచ్చు. శానిటైజర్ మాత్రం దానికీ వద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది.

ఇక ఆరోది, ఫెవికాల్ పూసి పీకడం. నవ్వుదామనుకున్నాను కానీ ఇది పనిచేస్తుంది, వినైల్ మీద మాత్రం. లేబుల్ దరిదాపులకి పోకుండా మందంగా పూయండి. తెల్లదనం పూర్తిగా పోయి గాజులా అయ్యేదాకా ఆగాలి, వానాకాలంలో రోజు దాటినా దాటుతుంది. పలచగా పూస్తే చిరిగి ముక్కలు గాడిలో ఉండిపోతాయి. అప్పుడు గోరు పెట్టకండి, దానిమీదే మళ్ళీ మందంగా పూసి పీకితే కలిసి వస్తాయి. పీకిన వెంటనే రికార్డు స్టాటిక్‌తో (రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తుతో) చిటపటలాడుతూ గదిలో దుమ్మంతా లాక్కుంటుంది, కాబట్టి కార్బన్ ఫైబర్ బ్రష్ ముందే చేతిలో పెట్టుకోండి.